ఫ్రిజ్జులో పెడితే క్రిములు చస్తాయా?

పోయిన ఏడు ఐప్పసి వానల్లో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. మా పెద్దమ్మాయి ఏడో నెల కడుపుతో, శ్రీమంతానికని తిరువళ్ళూరు వచ్చింది. ఆదివారం, బిడ్డకి ఇష్టమని కోడికూర చేసినాను. ఆ వారం మా ఆయనది సెకండ్ షిఫ్టు, నాది నైట్ షిఫ్టు. మిల్లు ఇళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. ఒక్కొక్కరు ఒక్కో వేళకి వస్తారు, ఒక్కో వేళకి తింటారు. అందుకే కూర నాలుగు పూటలకి సరిపడా చేసి, తిన్నంత తిని, మిగిలింది గిన్నెతో ఫ్రిజ్జులో పెట్టేసినాను.

సోమవారం పొద్దున గాలివానకి కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి చీకటి పడింది. ఫ్రిజ్జు గుర్రుమని మొదలు పెట్టింది, రాత్రికి కూర మళ్ళీ చల్లగా అయింది. మంగళవారం మధ్యాహ్నం దాన్ని తీసి, బాగా ఉడుకు పట్టించి, ముగ్గురమూ తిన్నాము. వాసన లేదు, రుచి మారలేదు.

సాయంత్రానికి ముగ్గురికీ వాంతులు. మా ఆయనా నేనూ ఎట్లో తట్టుకున్నాము గానీ, కడుపుతో ఉన్న బిడ్డ సొమ్మసిల్లిపోయింది. ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయినాము. రాత్రంతా సెలైన్ ఎక్కించినారు. పొద్దున డాక్టరమ్మ వచ్చి, లోపల బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉందని చెప్పేదాకా నాకు ప్రాణం నిలవలేదు.

"కూర ఫ్రిజ్జులోనే ఉంది కదమ్మా, మళ్ళీ ఉడికించినాను కూడా" అన్నాను నేను.

ఆమె కోప్పడలేదు. "ఫ్రిజ్జు క్రిముల్ని చంపే పెట్టె కాదమ్మా. వాటి పనిని నెమ్మది చేసే పెట్టె. కరెంటు పోయినంతసేపూ అది ఉట్టి బీరువా. ఆ వెచ్చదనంలో క్రిములు పెరిగి విషం వదిలినాయంటే, తర్వాత ఎంత ఉడికించినా కొన్ని విషాలు పోవు" అన్నది.

పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఫ్రిజ్జు ఉంది. కంతులు కట్టి కొన్నది. చల్లగా ఉంటే క్రిమి చచ్చిపోతుందనే ఇన్నాళ్ళూ నేను నమ్మినాను. మన కాలనీలో నలుగురైదుగురిని అడిగి చూసినాను, అందరూ అదే మాట అన్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

క్రిముల్ని కాపాడాలన్నా ఫ్రీజరే

మా తమ్ముని కొడుకు తిరుపతిలో మైక్రోబయాలజీ చదువుతున్నాడు. సంక్రాంతికి తిరుత్తణిలో మా అమ్మగారింటికి వచ్చినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి అడిగినాను, "చలికి క్రిమి చావదా రా?" అని.

వాడు నవ్వినాడు. "అత్తా, మా ల్యాబులో ఒక క్రిమిని ఏళ్ళ తరబడి చావకుండా దాచాలంటే ఏం చేస్తామో తెలుసా? ఫ్రీజరులో పెడతాము. కొంచెం గ్లిజరిన్ కలిపి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో పెడితే ఏళ్ళయినా ఉంటాయి. కావలసినప్పుడు తీసి తిండి వేస్తే లేచి పెరుగుతాయి" అన్నాడు.

మన ఇంటి ఫ్రీజరు చలి ఎంతో తెలుసా? బాగా పని చేస్తే మైనస్ 18. అంతకన్నా ఎంతో ఎక్కువ చలిలో పెట్టి క్రిముల్ని కాపాడుతున్నారు వాళ్ళు. అది విన్నాక మరి చలిలో అవి ఎట్లా బతుకుతాయని తెలుసుకోవాలనిపించింది. వాడు చెప్పింది, వాడు తెచ్చిచ్చిన పుస్తకాల్లో చదివింది, నాకు అర్థమైనట్టు చెప్తాను.

కొబ్బరినూనె చెప్పే పాఠం

మార్గళి నెలలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా చూడండి, తెల్లగా పేరుకుని ఉంటుంది. పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం పేరుకోదు. కొబ్బరినూనెలోని కొవ్వు పోగులు ఎక్కువగా తిన్నగా ఉంటాయి, కట్టెల మోపులాగా ఒకదాన్నొకటి అంటుకుని గట్టిపడతాయి. నువ్వుల నూనెలోని పోగులు చాలావరకు వంకర కట్టెలు. మోపు కడితే మధ్యలో సందులు మిగులుతాయి, అందుకని తొందరగా గట్టిపడవు.

బాక్టీరియా అంటే ఒకే ఒక్క కణం. దాని చుట్టూ పలచని పొర ఉంటుంది. ఆ పొర కూడా కొవ్వుతో చేసిందే. తిండి లోపలికి పోవాలన్నా, చెత్త బయటికి రావాలన్నా ఆ పొర మెత్తగా ఉండాలి. చలి తగిలితే అది కొబ్బరినూనెలాగా బిగుసుకుంటుంది. అప్పుడు బాక్టీరియా తన పొరలోని తిన్నని కొవ్వు పోగుల స్థానంలో వంకర పోగుల్ని చేర్చుకుంటుంది. అంటే తన కొబ్బరినూనెను నువ్వుల నూనెగా మార్చుకుంటుంది అనుకోండి. పొర మళ్ళీ మెత్తబడుతుంది, బతుకు సాగుతుంది. మనం చలికి దుప్పటి కప్పుకుంటాము, అది తన చర్మాన్నే మార్చుకుంటుంది.

హైదరాబాదులో చలి క్రిముల చదువు

ఈ సంగతుల్ని లోతుగా తవ్వినవాళ్ళలో మన తెలుగు గడ్డ మీది ల్యాబు ఒకటి ఉంది. హైదరాబాదులోని సీసీఎంబీ అది. 1981లో గోవా నుంచి ఓడ ఎక్కి మన దేశం తొలి యాత్ర అంటార్కిటికాకు బయల్దేరింది. ఆ తర్వాతి యాత్రల్లో అక్కడి మట్టిని, నీటిని తెచ్చి పరీక్షించినారు. షిర్మాకర్ ఒయాసిస్ అని, మంచు మధ్యలో బండరాళ్ళు తేలి, చిన్న చిన్న చెరువులున్న చోటు అది. మన దేశం మైత్రి స్టేషను ఉండేది అక్కడే.

సీసీఎంబీలో డాక్టర్ ఎస్. శివాజీ, ఆయన తోటివాళ్ళు ఆ మట్టి నుంచి ఎన్నో బాక్టీరియాలను వేరు చేసినారు. అంతకు ముందు ఎవరికీ తెలియని ఒకదానికి 1992లో అంటార్కిటికా పేరే కలిపి స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అని పేరు పెట్టినారు. అక్కడి క్రిముల పొరలు చలికి తగినట్టు ఎట్లా మారతాయో కూడా ఆ ల్యాబులో చూసినారు. కొన్ని బాక్టీరియాలు క్యారెట్‌కి రంగునిచ్చే జాతి పదార్థాలను పొరలో చేర్చుకుని, అది మరీ బిగియకుండా, మరీ వదులు కాకుండా చూసుకుంటాయట.

అంటార్కిటికా ఒక్కటే కాదు. 2005లో హైదరాబాదులోని బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్ ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చినారు. ఆ ఎత్తులో 20 కిలోమీటర్ల దగ్గర సున్నాకి దిగువ 50, 60 డిగ్రీల చలి ఉంటుంది. ఆ గాలిని సీసీఎంబీలోనూ, పూణేలోని మరో ల్యాబులోనూ పరీక్షిస్తే 12 బాక్టీరియా గుంపులు, 6 బూజు గుంపులు పెరిగినాయి. అందులో మూడు బాక్టీరియాలు అంతవరకు లోకానికి తెలియనివి. ఇస్రో 2009లో ఈ సంగతి ప్రకటించింది. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి మన పాతకాలపు ఆర్యభటుని పేరు, ఇంకొకదానికి ఫ్రెడ్ హాయిల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పేరు పెట్టినారు. అంత ఎత్తు చలిని తట్టుకుని వచ్చిన జాతికి మన ఫ్రిజ్జు ఒక లెక్కా?

నూలు చిక్కు, తెగిన దారం

ఇప్పుడు చెప్పబోయేది మన మిల్లువాళ్ళకి తొందరగా అర్థమవుతుంది. నూలుకి మెలి ఎక్కువైతే ఏమవుతుంది? వదులు చేసిన చోటల్లా తనలో తానే చుట్టుకుని ముడి పడుతుంది. ప్రతి కణం లోపలా ఆర్‌ఎన్‌ఏ అనే పోగు ఉంటుంది. ఏ పని చేయాలో రాసిన చీటీ లాంటిది అది. చలి తగిలితే ఆ పోగు చిక్కుపడిపోతుంది. చీటీ చదవలేకపోతే కణంలో పని ఆగిపోతుంది.

మన కడుపులో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాను 37 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 10 డిగ్రీలకు దించితే, కొన్ని గంటలు ఎదుగుదల ఆపేస్తుంది. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. కానీ ఆ గంటల్లో అది ఒక ప్రత్యేకమైన ప్రోటీన్‌ను కుప్పలుగా తయారు చేసుకుంటుంది. ఆ ప్రోటీన్ పోయి ఆర్‌ఎన్‌ఏ చిక్కుల్ని విడదీసి పోగును తిన్నగా పెడుతుంది. అప్పుడు మళ్ళీ మెల్లగా పెరగడం మొదలు పెడుతుంది. 1990లో ఇనోయే అనే శాస్త్రవేత్త బృందం దీన్ని కనిపెట్టింది.

చలిలో ఇంకో బాధ కూడా ఉంది. కణంలోని అసలు దారం, అదే డీఎన్‌ఏ, చలికి దెబ్బతింటుంది. సీసీఎంబీలో డాక్టర్ మలయ్ రే బృందం అంటార్కిటికా నుంచి వచ్చిన సూడోమోనాస్ అనే బాక్టీరియా మీద ఏళ్ళ తరబడి పని చేసింది. దెబ్బతిన్న డీఎన్‌ఏను అతికే ఏర్పాటును అందులో నుంచి తీసేసి చూసినారు. 22 డిగ్రీల వెచ్చదనంలో అది బతికింది, 4 డిగ్రీల చలిలో మాత్రం నిలవలేకపోయింది. రింగు ఫ్రేము దగ్గర తెగిన దారం అతికే మనిషి లేకపోతే మిషను ఎంతసేపు నడుస్తుంది? ఇదీ అంతే. చలిలో బతకాలంటే అతుకుల పని ఆగకూడదు.

గడ్డకట్టినప్పుడు ఏమవుతుంది?

చలి వేరు, గడ్డకట్టడం వేరు. ఫ్రీజరులో మొదట క్రిమి బయట ఉన్న నీళ్ళు గడ్డకడతాయి. మంచులోకి ఉప్పు పోదు. అందుకని మిగిలిన కొంచెం నీళ్ళు ఉప్పుకషాయం అవుతాయి. ఆ ఉప్పు క్రిమి లోపలి నీటిని బయటికి లాగుతుంది. ఊరగాయలో వేసిన నిమ్మకాయ ముడుచుకున్నట్టు క్రిమి ముడుచుకుంటుంది. మంచు ముక్కలు గుచ్చుకుని పొర చిరిగితే చస్తుంది కూడా. అందుకే గడ్డకట్టినప్పుడు కొన్ని క్రిములు చచ్చే మాట నిజమే.

కానీ అన్నీ చావవు. కొన్ని బాక్టీరియాలు ముందే తమ లోపల ట్రెహలోజ్ లాంటి చక్కెరలను పోగు చేసుకుంటాయి. ఆ చక్కెర లోపలి ప్రోటీన్లనూ పొరనూ విరిగిపోకుండా పట్టుకుంటుంది. ఇంకొన్ని గట్టి గింజలాగా మారి పడుకుంటాయి. ల్యాబులో గ్లిజరిన్ చేసే పని ఇటువంటిదే. ఇంకో మాట గుర్తుంచుకోండి. మన కూరలోని కొవ్వు, పాయసంలోని చక్కెర, పాలలోని ప్రోటీన్ కూడా క్రిమికి అటువంటి దుప్పటే అవుతాయి. ఉట్టి నీళ్ళలో గడ్డకట్టిన క్రిమికన్నా, చిక్కటి కూరలో గడ్డకట్టినదే బాగా బతుకుతుంది.

మైనస్ 18లో క్రిమి పెరగదు. అది నిజం. కానీ బయట పెట్టి కరగనిచ్చిన గంట నుంచీ దాని లెక్క మళ్ళీ మొదలవుతుంది. వెచ్చగా, తిండి ఉన్న చోట కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెండింతలు అవుతాయి. ఒక్కటి ఉంటే గంటకి 8, ఏడు గంటలకి 20 లక్షలు దాటుతాయి. కరెంటు పోయిన ఆ సోమవారం మా కూర గిన్నెలో జరిగింది ఇదే.

ఫ్రిజ్జులోనే పెరిగేది ఒకటుంది

ఎక్కువ క్రిములు ఫ్రిజ్జు చలికి ఆగిపోతాయి, లేదా చాలా నెమ్మదిస్తాయి. లిస్టీరియా అనే బాక్టీరియా మాత్రం 4 డిగ్రీల్లో కూడా రోజుకో, రెండు రోజులకో రెండింతలు అవుతూనే ఉంటుంది. పైన చెప్పిన పొర మార్చుకునే పని, చిక్కు విడదీసే పని అన్నీ దానికి వచ్చు. 2017, 2018లలో దక్షిణాఫ్రికాలో ఉడికించకుండానే తినే ఒక రకం మాంసం ముద్ద వల్ల వెయ్యి మందికి పైగా ఈ జబ్బు పడినారు, రెండు వందల మందికి పైగా చనిపోయినారు. వాళ్ళలో పసిబిడ్డలు చాలామంది.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి లిస్టీరియా చాలా చెడ్డది. తల్లికి కొంచెం జ్వరం, ఒళ్ళునొప్పులే ఉండొచ్చు గానీ, కడుపులో బిడ్డ పోయే ప్రమాదం ఉంది. మంచి మాట ఏందంటే, బాగా ఉడికిస్తే లిస్టీరియా చస్తుంది. అందుకే గర్భిణీలు కాచని పాలు, ఫ్రిజ్జులో రోజుల తరబడి ఉండి వేడి చేయకుండా తినేవి ముట్టకూడదు. జ్వరం వస్తే ఇంటి మందు వేసుకుని ఊరుకోకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

ఐసు హౌసు ఐసు, కృత్తిక తిరునాళ్ళ ఐసు

చెన్నై మెరీనా దగ్గర వివేకానందర్ ఇల్లం చూసే ఉంటారు. దానికి పాత పేరు ఐసు హౌసు. 1842లో కట్టినారు. అమెరికాలో చలికాలం చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి, రంపపుపొట్టులో చుట్టి, ఓడల్లో ఇంత దూరం తెచ్చి అక్కడ దాచేవాళ్ళు. దొరల గ్లాసుల్లోకి పోయేది ఆ ఐసు. అప్పట్లో చాలామంది, నీళ్ళు గడ్డకడితే మలినం విడిచిపోతుందని నమ్మేవాళ్ళు. 1887లో న్యూయార్కులో ప్రడెన్ అనే డాక్టరు టైఫాయిడ్ క్రిముల్ని నీళ్ళలో కలిపి గడ్డకట్టించి చూసినాడు. రోజులు గడిచేకొద్దీ చాలా చచ్చినాయి గానీ, 103 రోజుల తర్వాత కూడా కొన్ని బతికే ఉన్నాయి.

ఆడి కృత్తికకి తిరుత్తణి కొండ కింద ఎండలో నడిచి, దాహానికి బండి మీద సర్బత్ తాగని వాళ్ళు మనలో ఎవరు? అందులో కొట్టి వేసే ఐసు ఏ నీళ్ళతో చేసిందో ఒక్కసారి ఆలోచించండి. ఏ నీళ్ళు తాగడానికి పనికి రావో, వాటి ఐసు కూడా పనికి రాదు. చేపల పెట్టెలో వేసే ఐసు చేపలకే. నిమ్మకాయ నీళ్ళు ఐసు లేకుండా ఇమ్మని అడగడానికి సిగ్గు పడొద్దు.

షిఫ్టుల ఇంట్లో నేను చేస్తున్నది

ఫ్రిజ్జు వద్దని నేను చెప్పడం లేదు. రాత్రి పన్నెండుకి ఇంటికి వచ్చే మనిషికి అన్నం పెట్టాలంటే అది లేకుండా మనకి కుదరదు. దాన్ని తెలిసి వాడుకుంటే చాలు. మా ఇంట్లో ఇప్పుడు నేను చేసేది ఇది.

వండినది రెండు గంటల లోపల ఫ్రిజ్జులోకి పోవాలి. పెద్ద గిన్నెలో పెడితే నడుమ గంటల కొద్దీ వెచ్చగానే ఉంటుంది, కాబట్టి చిన్న చిన్న డబ్బాల్లో పలచగా పోసి పెడతాను. ఎవరి పూటకి వాళ్ళ డబ్బా. అది తీసి పొగలు కక్కేదాకా వేడి చేసుకుని తింటారు. మిగిలింది మళ్ళీ ఫ్రిజ్జులో పెట్టేది లేదు. మూడు రోజులు దాటింది ఏదైనా సరే, పారేస్తాను.

పచ్చి మాంసం, చేపలు మూత డబ్బాలో కింది అరలో పెడతాను, నీళ్ళు కారి వండినవాటి మీద పడకుండా. గడ్డకట్టిన మాంసాన్ని పొయ్యి గట్టు మీద పొద్దంతా వదిలేయను. ముందు రాత్రే ఫ్రీజరు నుంచి కింది అరలోకి దించి పెడతాను. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించను.

కరెంటు పోతే ఫ్రిజ్జు తలుపు తెరవకూడదు. మూసి ఉంటే నాలుగు గంటల దాకా చలి నిలుస్తుంది. అంతకు మించితే వండిన కూర, మాంసం, పాలు పోయినట్టే లెక్క. మనం షిఫ్టులో ఉన్నప్పుడు కరెంటు పోయి ఫ్రీజరులోవి కరిగినాయో లేదో ఎట్లా తెలుస్తుంది? దానికి మా తమ్ముని కొడుకు ఒక ఉపాయం చెప్పినాడు. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి ఫ్రీజరులో గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. ఇంటికి వచ్చి చూస్తే బిళ్ళ పైనే ఉంటే ఫ్రీజరులోవి కరగలేదని అర్థం, కింద ఫ్రిజ్జులోవాటి సంగతి మాత్రం అది చెప్పదు. గ్లాసు అడుక్కి పోయి, పైన మళ్ళీ గడ్డ కట్టి ఉంటే, లోపలవన్నీ ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టినాయని అర్థం. మా ఫ్రీజరులో ఇప్పుడు ఆ గ్లాసు ఎప్పుడూ ఉంటుంది.

కూర పారేయడం అంటే మనకి మనసు ఒప్పదు. కిలో కోడి ధర నాకు తెలుసు, దాన్ని సంపాదించడానికి ఎన్ని గంటలు నిలబడాలో కూడా తెలుసు. కానీ ఆ అరకిలో కూర మిగిల్చుకోబోయి మేము రెండు రోజుల కూలి, ఆటో, మందులు అన్నీ కలిపి దానికి పదింతలు పోగొట్టుకున్నాము. అంతకన్నా పెద్దదే పోవాల్సింది, పోలేదు.

మా అమ్మకి ఇదంతా చెప్తే, "మా కాలంలో ఫ్రిజ్జు యాడిది? ఆ పూటకి ఎంత కావాలో అంతే వండేవాళ్ళము. అన్నం మిగిలితే నీళ్ళు పోసి, పొద్దున మజ్జిగ కలిపి సద్ది తాగేవాళ్ళము" అన్నది. సద్దిలో పుల్లదనం తెచ్చే మంచి బాక్టీరియా పెరుగుతుంది, ఆ పులుపుకి చాలా చెడ్డ క్రిములు పెరగలేవు. అమ్మకి బాక్టీరియా పేరు తెలియదు గానీ ఒక సంగతి తెలుసు. కూర దాచి పెట్టేదాని కన్నా కొలత చూసి వండేది మేలు. వీలైన రోజు నేనూ అదే చేస్తున్నాను.

మనవడికి ఇప్పుడు ఎనిమిదో నెల. వాడికి ఉగ్గు ఏ పూటకి ఆ పూట కాచి పెట్టమని మా అమ్మాయికి చెప్పినాను. "ఫ్రిజ్జులో పెట్టను లేమ్మా, నాకు తెలీదా" అన్నది. తెలుసు దానికి. ఆ రాత్రి సెలైన్ ఎక్కింది దానికే కదా.